కెమెరా కంట పడనివి

తోటమాలి గొట్టం పట్టుకుని మొక్కలకు నీళ్లు పెడుతుంటాడు. ఒక కుర్రాడు చప్పుడు కాకుండా వెనక నుంచి వచ్చి గొట్టాన్ని కాలితో తొక్కిపడతాడు. ధార ఆగిపోతుంది. ఏమైందా అని తోటమాలి గొట్టం మూతిని మొహం దగ్గరికి తెచ్చుకుని తొంగి చూస్తాడు. కుర్రాడు కాలు తీసేస్తాడు. నీళ్లు ఛళ్లున మొహాన కొడతాయి, నెత్తిమీద టోపీ ఎగిరిపోతుంది. తోటమాలి వాణ్ణి తరిమి పట్టుకుని, నాలుగు తగిలించి, మళ్లీ వచ్చి తన పని తాను చూసుకుంటాడు. ఇంతే కథ. మొత్తం కలిపి నిమిషం కూడా ఉండదు. 1895లో ఫ్రాన్సులో లూయీ లూమియేర్ తీసిన మూకీ ఇది. తెరమీద కథ చెప్పి నవ్వించిన మొదటి చిత్రంగా చాలామంది దీన్నే లెక్కగడతారు.

మొదట్లో నేనూ నవ్వుకోవడానికే చూశాను. చూడగా చూడగా ఒక చోట నా కన్ను ఆగిపోవడం మొదలైంది. కుర్రాడు పారిపోతూ బొమ్మ అంచుదాకా వెళ్తాడు. తోటమాలి వాణ్ణి అక్కడ దొరకబుచ్చుకుంటాడు. కోపంలో ఉన్న మనిషి ఎవరైనా దొరికినచోటే రెండు పీకుతాడు కదా? ఈయన అలా చేయడు. వాణ్ణి చెవి పట్టుకుని ఈడ్చుకుంటూ, ముందు తను నిలబడ్డ చోటికి, మనకు బాగా కనబడే చోటికి తెచ్చి, అప్పుడు కొడతాడు. ఆ నాలుగడుగులూ ఎందుకు నడిచాడో గమనిస్తే ఆ చిత్రం తీసినవాడి బుర్ర మనకు తెలిసిపోతుంది. కెమెరా మూడుకాళ్ల స్టాండు మీద బిగించి ఉంది. అటూ ఇటూ తిరగదు. దెబ్బ అంచు అవతల పడితే ప్రేక్షకుడికి అది పడనట్టే. అందుకని శిక్షే నడిచి బొమ్మలోకి వచ్చింది.

తొలినాళ్ల చిన్న మూకీలను నేను ప్రేమించడానికి కారణం ఆ నాలుగడుగులే. కెమెరా ఏం చూస్తుందో అందరికీ తెలుసు. అది ఏం చూడలేదో ముందుగా కనిపెట్టి, ఆ చూడలేని చోటులోనే తమ పనంతా పెట్టుకున్నవాళ్లు వీళ్లు. అలాంటి చోట్లు మూడున్నాయి: బొమ్మ అంచు, రెండు బొమ్మల మధ్య సందు, వెలుతురు పడని నలుపు. ఈ మూడింటి మీదే వాళ్లు కట్టిన కొన్ని చిత్రాలను దగ్గరగా చూద్దాం.

అంచు

లూమియేర్ సోదరుల యంత్రం ఒక చిన్న చెక్కపెట్టె. పక్కన పిడి ఉంటుంది. బొమ్మలు తీసేదీ, వాటికి నకలు వేసేదీ, తెరమీద చూపించేదీ ఆ ఒక్క పెట్టే. అందులో పట్టే ఫిల్ము సుమారు 17 మీటర్లు. పిడిని సెకనుకు రెండు చుట్లు తిప్పితే సెకనుకు 16 బొమ్మలు పడతాయి. ఆ లెక్కన యాభై సెకన్లకు ఫిల్ము అయిపోతుంది. కథ ఏదైనా, ఊరు ఏదైనా, గడువు అదే.

తిప్పేవాడికి తను తీస్తున్నది కనబడదు. తీయబోయే ముందు పెట్టె వెనక భాగం తెరిచి, కటకం లోపల వేస్తున్న బొమ్మను చూసుకుని, ఎక్కడిదాకా వస్తోందో గుర్తుపెట్టుకోవాలి. తర్వాత మూసేసి పిడి తిప్పాలి. కాబట్టి ఆ నాలుగు అంచులూ అతని మనసులో ఉండాలి. తోటలో నిలబడి నేలమీద కనబడని గీత గీసుకోవాలి.

లూయీకి అది కొత్త విద్యేం కాదు. లియోన్ నగరంలో వాళ్లది ఫొటో ప్లేట్లు తయారుచేసే ఫ్యాక్టరీ. పుట్టి పెరిగిందే ఫొటోల మధ్య. బొమ్మలో దేన్ని ఎక్కడ నిలబెట్టాలో చేతికి తెలిసిన మనిషి. తోటమాలి చిత్రంలో ఆ తెలివి ఇంకోచోట కూడా కనబడుతుంది. గొట్టం తోటమాలి చేతిలోంచి వెనక్కి నేలమీద సాగి ఉంటుంది. కుర్రాడు తోటమాలికి వెనకవైపు, మనకు మాత్రం ఎదురుగా ఉంటాడు. తోటమాలికి తెలియనిది మనకు తెలుసు. ధార ఆగిన క్షణం నుంచి అది తిరిగి వచ్చే క్షణం దాకా మనం ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తాం. హాస్యమంతా ఆ ఎదురుచూపులోనే ఉంది. దగ్గరగా చూపించే షాటు లేదు, ఇద్దరినీ విడివిడిగా చూపించే కోతలు లేవు, మాట లేదు. ఒక్క గొట్టం ఇద్దరినీ కలిపి కట్టేసింది.

లూమియేర్ల మిగతా చిత్రాల్లోనూ ఇదే జాగ్రత్త. తమ ఫ్యాక్టరీ నుంచి పనివాళ్లు బయటికి వచ్చే దృశ్యాన్ని ఒక్కసారి తీసి ఊరుకోలేదు, మూడుసార్లు తీశారు. ఒకదానిలో ఒంటి గుర్రపు బండి, ఒకదానిలో జంట గుర్రాల బండి, మరొకదానిలో బండే లేదు. గేటులోంచి వచ్చిన జనం రెండు పాయలుగా చీలి కుడికీ ఎడమకీ వెళ్లిపోతారు. ఎవరూ కెమెరాకు అడ్డంగా నిలబడరు. రైలు స్టేషన్‌లోకి వచ్చే ప్రసిద్ధ చిత్రంలో కెమెరాను పట్టాలకు కాస్త పక్కగా, ప్లాట్‌ఫారం మీద ఏటవాలుగా పెట్టారు. అందుకే దూరాన చుక్కంత ఉన్న ఇంజను పెరిగి పెరిగి అంచుదాకా వచ్చి మన పక్కనుంచి దాటిపోతుంది. నేరుగా పక్కనుంచి తీసి ఉంటే ఒక రైలు పెట్టె పోతున్నట్టు ఉండేది. ఏటవాలుగా తీయబట్టి రైలు మన మీదికి వస్తున్నట్టుంది.

1895 డిసెంబరు 28న పారిస్‌లో గ్రాండ్ కెఫే నేలమాళిగలో డబ్బు తీసుకుని మొదటి ఆట వేశారు. పది చిత్రాలు చూపించారు. తోటమాలి చిత్రం వాటిలో ఉంది. ఆ రోజు చూసినవాళ్లలో ఒక గారడీవాడు కూడా ఉన్నాడు. అతని పేరు జార్జ్ మెలియెస్.

సందు

మెలియెస్ చెప్పులు, బూట్లు తయారుచేసే కుటుంబంలో పుట్టాడు. వ్యాపారం పట్టలేదు. 1888లో పారిస్‌లోని రొబేర్ హూదాన్ ఇంద్రజాల థియేటర్‌ని కొనుక్కున్నాడు. గ్రాండ్ కెఫేలో ఆట చూసిన వెంటనే ఆ యంత్రం తనకు అమ్మమని అడిగాడు. లూమియేర్లు ఇవ్వలేదు. లండన్‌లో రాబర్ట్ పాల్ దగ్గర ఒక ప్రొజెక్టరు కొని, దాన్ని విప్పి, తిరగేసి, కెమెరాగా మార్చుకున్నాడు.

1896లో అతను తీసిన ఒక చిత్రం చూడండి. మెలియెస్ తనే గారడీవాడు. ఒక స్త్రీని చేయి పట్టుకుని తీసుకొస్తాడు. ఆమె జాన్ దాల్సీ, అతని థియేటర్ నటి. నేలమీద ఒక వార్తాపత్రిక పరుస్తాడు. దానిమీద కుర్చీ వేస్తాడు. ఆమె కూర్చుని విసనకర్రతో విసురుకుంటుంది. ఆమెమీద పెద్ద గుడ్డ కప్పుతాడు. తీస్తాడు. కుర్చీ ఖాళీ.

ఆ పత్రిక ఎందుకు పరిచాడు? రంగస్థలం మీద ఇదే గారడీని బువాతియే ద కోల్తా అనే ఐంద్రజాలికుడు పేరు తెచ్చుకునేలా చేసేవాడు. అక్కడ మనిషి మాయమయ్యేది నేలలోని రహస్య తలుపులోంచి. పత్రిక పరిచేది ఆ తలుపు లేదని జనాన్ని నమ్మించడానికి. మెలియెస్ కెమెరా ముందు చేసినప్పుడు తలుపూ లేదు, దాన్ని దాచవలసిన పనీ లేదు. అయినా పత్రిక పరిచాడు. పాత విద్య మీద గౌరవం అది. చూసేవాడి అనుమానం ఎటు పోతుందో తెలిసి, ఆ దారిని ముందే మూసేయడం కూడా.

నిజంగా ఆమె వెళ్లిపోయింది రెండు బొమ్మల సందులోంచి. గుడ్డ తీయబోయే క్షణంలో పిడి ఆపుతారు. మెలియెస్ ఉన్నచోట ఉన్నట్టే బిగుసుకుంటాడు. ఆమె లేచి పక్కకి వెళ్లిపోతుంది. మళ్లీ పిడి తిరుగుతుంది. తెరమీద మాత్రం మధ్యలో గడిచిన నిమిషాలు లేవు. మన సినిమావాళ్లు స్టాప్ బ్లాక్ అని పిలిచే కిటుకు ఇదే. మునివర్యుడు ఆగ్రహించగానే పొగ లేచి మనిషి మాయమయ్యే మన పౌరాణికాలన్నీ ఈ సందులోంచే నడిచాయి.

చెప్పడానికి తేలికే. చేతిలో పెట్టుకుంటే తెలుస్తుంది కష్టం. ఆగిన కెమెరా తిరిగి వేగం అందుకునే లోపు పడే తొలి బొమ్మల మీద వెలుతురు ఎక్కువ పడి తెల్లగా తేలిపోతాయి. చెయ్యి వెంట్రుకవాసి కదిలినా తెరమీద కుదుపు కనిపిస్తుంది. అందుకని మెలియెస్ పిడి ఆపి ఊరుకోలేదు. తర్వాత నెగటివ్ తీసుకుని, పాడైన బొమ్మలను కత్తిరించి, అటు చెయ్యి ఎక్కడ ఉందో ఇటు చెయ్యి అక్కడే ఉండే రెండు బొమ్మలను వెతికి జిగురుతో అతికాడు. అతని మాయల్లో అతుకులు ఉన్నాయని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. పరిశోధకులు ఫిల్మును చేతుల్లోకి తీసుకుని ఒక్కో బొమ్మా చూశాక బయటపడింది. కంటికి ఆనని అతుకుకు అంతకంటే మెప్పు ఏముంటుంది?

నాకు అన్నిటికంటే నచ్చేది ఆ చిత్రంలో తర్వాతి క్షణం. ఖాళీ కుర్చీ వైపు మెలియెస్ చేతులు ఊపుతాడు. కుర్చీలో ఒక ఎముకల గూడు ప్రత్యక్షమవుతుంది. ఈసారి గుడ్డ లేదు, చాటు లేదు. మన కళ్ల ముందే ఖాళీలోంచి ఊడిపడింది. మొదటి మాయకు గుడ్డ కప్పాడు. రంగస్థలం అలవాటు అది. రెండో మాయకు వచ్చేసరికి గుడ్డ అక్కర్లేదని తెలిసిపోయింది. ఆ నిమిషంపాటి చిత్రంలోనే ఒక కళ ఇంకో కళగా మారడం చూడొచ్చు. చివరికి ఎముకల గూడుమీద మళ్లీ గుడ్డ కప్పి ఆమెను తిరిగి తెస్తాడు. ఇద్దరూ వంగి దండం పెట్టి వెళ్లిపోతారు.

నలుపు

1898లో మెలియెస్ ఇంకో మెట్టెక్కాడు. రెండు బల్లల మధ్య నిలబడి తన తల తానే ఊడదీసి బల్లమీద పెడతాడు. అది కళ్లు తిప్పుతుంది, మాట్లాడుతుంది. మెడమీద ఇంకో తల మొలుస్తుంది. బల్ల కింద ఏమీ దాచలేదని చూపించడానికి వంగి కిందనుంచి దూరి వస్తాడు. ఇలా మూడు తలలు బల్లల మీదికి చేరతాయి, నాలుగోది భుజాల మీద. అప్పుడు బాంజో అందుకుని వాయించడం మొదలుపెడతాడు. తలలు గొంతు కలుపుతాయి. వాటి అపస్వరం భరించలేక బాంజోతో రెండింటిని బాది మాయం చేసేస్తాడు. అన్నీ కలిపి నిమిషమే.

దీని కీలకం వెనకాల ఉన్న నల్లటి తెర. ఫిల్ము వెలుతురుకు మాత్రమే పలుకుతుంది. నలుపు నుంచి వెలుతురు రాదు. కాబట్టి నల్లగా ఉన్న చోట ఫిల్ము మీద ఏమీ పడదు. ఆ చోటు ఇంకా రాయని పలకలా మిగిలి ఉంటుంది. ఫిల్మును వెనక్కి చుట్టి మళ్లీ తిప్పితే అక్కడ కొత్త బొమ్మ వేసుకోవచ్చు. మనిషి ఒళ్లంతా నల్లగుడ్డలో దాచి తలను మాత్రం వదిలితే ఫిల్ము మీద తల ఒక్కటే పడుతుంది. ఇలా ఒక్కో తలకూ ఒక్కోసారి అదే ఫిల్మును కెమెరాలోంచి నడిపించాలి. మన దగ్గర మాస్క్ షాట్ అనేది దీని బంధువే. రాముడు భీముడు (1964)లో ఇద్దరు ఎన్టీఆర్లు ఎదురెదురుగా నిలబడ్డప్పుడు తెర రెండుగా పంచుకున్న ఆ విద్యకు పునాది ఈ నల్లటి గుడ్డ మీదే పడింది.

ఇప్పుడు పనితనం ఎక్కడ ఉందో చూడండి. నాలుగు తలలూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి. ఒకటి మాట్లాడితే పక్కది అటు తిరుగుతుంది. తీస్తున్నప్పుడు అక్కడ ఉన్నది ఒక్క మెలియెస్. పక్కన ఎవరూ లేరు. ఖాళీ చీకటివైపు తిరిగి, ఇంతకుముందు తను ఎన్నో లెక్క దగ్గర నవ్వాడో, ఇంకాసేపటికి ఏ లెక్క దగ్గర కసురుకుంటాడో గుర్తుపెట్టుకుని, సరిగ్గా ఆ క్షణానికి ఆ చోటివైపు చూడాలి. పిడి తిప్పేవాడు ప్రతిసారీ అదే లయలో తిప్పాలి. ఒక్కసారి తడబడితే ముందు తీసినవన్నీ పోయినట్టే. చెరిపి దిద్దుకునే వీలు లేదు. పద్యానికి గణం తప్పకూడదన్నట్టు, తాళానికి దెబ్బ తప్పకూడదన్నట్టు, ఇక్కడ చూపు తప్పకూడదు.

చేతిలో పట్టుకుని మోసుకెళ్లేది బొమ్మ తల. బల్లమీద పెట్టగానే అది ఊపిరి పోసుకుంటుంది. ఆ క్షణంలో సందూ నలుపూ రెండూ కలిసి పనిచేస్తాయి. సందులో బొమ్మ తల పోతుంది, నలుపులోంచి నిజం తల వస్తుంది. ఒక్కో బొమ్మనూ ఆపి చూసినా, తెలిసి చూసినా, నాకు ఇప్పటికీ అక్కడ ఒళ్లు జలదరిస్తుంది.

1901 నాటి రబ్బరు తల చిత్రం ఈ విద్యకు శిఖరం. ఒక రసాయన శాస్త్రవేత్త అచ్చం తన తలలాంటి తలను బల్లమీద పెట్టి, గొట్టం తగిలించి, కొలిమితిత్తితో గాలి కొడతాడు. తల ఉబ్బుతుంది. ఇంతింతై గదిలో సగం అవుతుంది. గాలి వదిలితే తగ్గిపోతుంది. సహాయకుణ్ణి పిలిచి కొట్టమంటే వాడు ఆత్రంకొద్దీ కొట్టి కొట్టి పేల్చేస్తాడు.

తల పెరగడం అంటే తల దగ్గరికి రావడమే. మెలియెస్ ఒళ్లంతా నల్లగుడ్డలో దాచుకుని చక్రాలున్న కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీని కెమెరా వైపు లాగారు. అక్కడితో పని అయిపోలేదు. మనిషి దగ్గరికి వచ్చేకొద్దీ బొమ్మలో తల అన్ని వైపులకూ పెరుగుతుంది, గడ్డం కిందికి జారుతుంది. బల్లమీద కూర్చోవలసిన తల బల్లలోకి దిగబడిపోతుంది. అందుకని కుర్చీ నడిచే దారిని ఏటవాలుగా కట్టారు. దగ్గరికి వచ్చేకొద్దీ మనిషి పైకి లేస్తాడు. ఎంత దగ్గరికి వస్తే ఎంత ఎత్తు లేవాలో కొలత కట్టి ఆ వాలును కొయ్యతో చేయించారు. ఫలితంగా తల ఎంత ఉబ్బినా మెడ అంచు బల్లమీదనే ఆని ఉంటుంది. బల్ల దగ్గర గాలి కొడుతున్న మెలియెస్ వేరే సారి తీసినవాడు. అతని తిత్తి దెబ్బలకూ ఆ కుర్చీ రాకకూ పొంతన కుదరాలి. కుదిరింది. ఒక గారడీవాడి ఊహ, ఒక వడ్రంగి వాలు, ఒక పిడి లయ మూడూ కలిస్తే ఆ నవ్వు.

అదే 1901లో ఇంగ్లండు దక్షిణ తీరంలోని హోవ్ పట్నంలో, మందుల దుకాణం నడిపిన జేమ్స్ విలియమ్‌సన్ నలుపును ఇంకో రకంగా వాడుకున్నాడు. ఒక పెద్దమనిషి తనను ఫొటో తీయొద్దని చేతులు ఊపుతూ కెమెరా మీదికి వస్తాడు. వస్తూనే ఉంటాడు. మొహం తెరంతా నిండుతుంది. తర్వాత నోరు నిండుతుంది. నోరు తెరుస్తాడు. అంతా చీకటి. ఆ చీకట్లోకి కెమెరా, దాని వెనకే ఫొటోగ్రాఫరూ తలకిందులుగా పడిపోతారు. మళ్లీ నోరు మూసుకుని, నములుతూ, నవ్వుతూ ఆ పెద్దమనిషి వెనక్కి జరుగుతాడు.

ఇక్కడ నల్ల తెర కట్టనక్కర్లేదు. మనిషి నోటి లోపలి చీకటే నల్ల తెర. ఆ చీకటి తెరంతా కమ్మిన క్షణంలో ఫిల్మును కోసి, నల్లటి గుంటముందు విడిగా తీసిన ముక్కను అతికి, మళ్లీ నోటి దగ్గరికి తెచ్చి అతికాడు. రెండు అతుకులూ ఒకే చీకట్లో కలిసిపోయాయి. కథకు అవసరమైన చీకటే కిటుకును దాచింది. దాపరికం కోసం విడిగా ఒక వస్తువు తేలేదు. ఇంత పొదుపు నాకు మంచి చాటువుల్లో తప్ప ఎక్కడా కనబడలేదు.

మనుషుల చేతులు

కెమెరా కంట పడని వాటిలో మనుషులు కూడా ఉన్నారు. మెలియెస్ చిత్రాలకు రంగులు వేయించుకోవాలనుకున్నవాళ్లకు వేసి ఇచ్చింది పారిస్‌లో ఎలిసబెత్ తుయిలియే నడిపిన కార్ఖానా. రెండొందల మందికి పైగా ఆడవాళ్లు అక్కడ పనిచేసేవారు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు. ఎరుపు వేసే ఆమె ఎరుపే, పసుపు వేసే ఆమె పసుపే. ఫిల్ము మీద బొమ్మ తపాలా బిళ్ల కంటే పెద్దది కాదు. నిమిషం చిత్రానికి అలాంటి బొమ్మలు తొమ్మిది వందలకు పైగా. దాంట్లో ఒక పిల్ల గౌను అంచు దాటకుండా సన్నటి కుంచెతో రంగు పెట్టాలి, తర్వాతి బొమ్మలో ఆ గౌను కొంచెం కదిలి ఉంటుంది, మళ్లీ పెట్టాలి. ఒక ప్రతి అయ్యాక ఇంకో ప్రతి మళ్లీ మొదటి నుంచి. 1902 నాటి చంద్రలోక యాత్ర చిత్రం రంగుల ప్రతి ఒకటి 1993లో బార్సిలోనాలో బయటపడింది. గడ్డకట్టి పెంకులా అయిపోయిన ఆ చుట్టను ఏళ్ల తరబడి విడదీసి బాగుచేసి 2011లో కాన్ చిత్రోత్సవంలో చూపించారు. ఆ రంగులు తెరమీద కాస్త వణుకుతుంటాయి. ఆ వణుకు నాకు చాలా ఇష్టం. ఒక్కో బొమ్మకూ చెయ్యి మళ్లీ లేచి మళ్లీ దిగిందని చెప్పే గుర్తు అది.

మెలియెస్ అయిదు వందలకు పైగా చిత్రాలు తీశాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైన్యం అతని ఫిల్ములు ఎన్నిటినో తీసుకుని కరిగించింది. ఆ సెల్యులాయిడ్‌తో బూట్లకు మడమలు చేశారు. బూట్ల వ్యాపారం కాదనుకుని వచ్చినవాడి కలలు బూట్ల కిందికే పోయాయి. 1923లో మిగిలిన నెగటివ్‌లను అతను తన చేతులతోనే తగలబెట్టాడు. తర్వాత పారిస్‌లోని మోంపర్నాస్ రైల్వే స్టేషన్‌లో బొమ్మలూ మిఠాయిలూ అమ్ముకుంటూ బతికాడు. పక్కన ఉన్నది జాన్ దాల్సీ, 1896లో కుర్చీలోంచి మాయమైన ఆమె. 1925లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. 1938లో అతను పోయేలోపు కొందరు గుర్తుపట్టి గౌరవించారు. ఇవాళ రెండొందలకు పైగా చిత్రాలు మిగిలాయి. అవి మనదాకా వచ్చాయంటే ఎక్కడెక్కడో అటకల మీద, సంతల్లో చుట్టలను పారేయకుండా దాచినవాళ్లు ఉండబట్టి.

మొలక

ఇలాంటి చిట్టి చిత్రాలు మన దేశానికి తొందరగానే చేరాయి. 1896 జూలై 7న బొంబాయిలో వాట్సన్ హోటల్లో లూమియేర్ల మనిషి ఆట వేశాడు. తర్వాత గుడారాలు వేసుకుని ఊరూరా తిరిగి చూపించేవాళ్లు వచ్చారు. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించి, గ్రామఫోను రికార్డుతో జతచేసిన చిన్న చిత్రాలను ఆడించాడు. తెలుగువాళ్ల సినిమా కథ ఆ పొట్టి రీళ్లతోనే మొదలవుతుంది.

ఈ పనితనం వరసలో చివరగా చెప్పాలనుకున్నది దాదాసాహెబ్ ఫాల్కే తీసిన ఒక చిన్న చిత్రం గురించి. ఫాల్కే ఫొటోగ్రఫీ చేశాడు, అచ్చుపని చేశాడు, మెలియెస్ లాగే గారడీ కూడా చేశాడు. తన పేరును తిరగేసి ప్రొఫెసర్ కేల్ఫా అని పెట్టుకుని ప్రదర్శనలు ఇచ్చాడు. 1912లో లండన్ వెళ్లి ఒక కెమెరా కొని తెచ్చుకున్నాడు. అది విలియమ్‌సన్ కెమెరా. పెద్దమనిషి చేత కెమెరాను మింగించిన ఆ విలియమ్‌సన్ తర్వాత కెమెరాలు తయారుచేసే పనిలోకి దిగాడు. అతని పేరున్న పెట్టె ఓడెక్కి బొంబాయి చేరింది.

అప్పటి ఫిల్ముకు అంచున రంధ్రాలు మనమే కొట్టుకోవాలి. వెలుతురు తగలకూడదు కాబట్టి ఆ పని చీకట్లోనే చేయాలి. ఫాల్కే భార్య సరస్వతీబాయి అది నేర్చుకుంది. ఇంటిపని తెమిలాక, రాత్రుళ్లు, చీకటిగదిలో, వేళ్లతో తడుముకుంటూ రంధ్రాలు కొట్టింది. ఒక్క రంధ్రం పక్కకి పోయినా బొమ్మ తెరమీద ఎగిరిపడుతుంది.

సినిమా తీయడానికి డబ్బు కావాలి. ఇచ్చేవాళ్లకు నమ్మకం కలగాలి. అందుకు ఫాల్కే యుద్ధం తీయలేదు, దేవుణ్ణి తీయలేదు. కుండీలో బఠానీ గింజ నాటి, దానిముందు కెమెరాను కదపకుండా బిగించి, నెలకు పైగా కొంచెం కొంచెంగా తీశాడు. తెరమీద అది నిమిషం పైచిలుకు. మట్టిలోంచి మొలక లేస్తుంది, ఆకు విప్పుతుంది, తీగ సాగుతుంది. చూసినవాళ్లలో ఒకరు డబ్బు పెట్టడానికి ముందుకొచ్చారు. అలా 1913 మే 3న అతని రాజా హరిశ్చంద్ర విడుదలైంది.

మెలియెస్ తన సందులోంచి మనిషిని మాయం చేశాడు. ఫాల్కే ఆ సందును తెరిచి అందులో రాత్రులూ పగళ్లూ పోశాడు. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య ఎంతో కాలం గడిచింది. కుండీలో నీళ్లు పోశారు, ఇంట్లో దీపం పెట్టారు, ఆర్పారు, సరస్వతీబాయి చీకటిగదిలోకి వెళ్లి వచ్చింది. అవేవీ కెమెరా చూడలేదు. చూడకుండా వదిలేసినందుకే, మన కంటికి ఏనాడూ ఆనని ఒక సంగతి తెరమీద కనబడింది. పెరట్లో మొక్క పెరిగిందని మనకు తెలుసు గానీ, పెరుగుతుండగా ఎవరం చూశాం? ఆ నిమిషంలో బఠానీ మొలక పెరుగుతూ కనిపించింది.